అర్జీయా, ఆర్టీఐయా, గ్రామసభా? ఎన్నికల మధ్య మన మాట ఎక్కడ పనిచేస్తుందో చూసి ఎంచుకుందాం

మా వీధి చివర ఒక మురుగు కాలువ ఉంది. గట్టి వాన పడితే అది పొంగి నాలుగిళ్లలోకి నీళ్లొస్తాయి. రెండేళ్లలో మూడుసార్లు సోమవారం అర్జీ పెట్టాం. మూడుసార్లూ మనుషులొచ్చి పూడిక తీసి వెళ్లారు. సమస్య పరిష్కారమైందని ఫోన్‌కి మెసేజ్ కూడా వచ్చింది. అందులో అబద్ధం లేదు, పూడిక నిజంగానే తీశారు. కానీ తర్వాతి వానకి మళ్లీ అదే పరిస్థితి. నాలుగో అర్జీ రాయడానికి కూర్చున్నప్పుడు పక్కింటి మాస్టారు ఒక మాటన్నారు. "మనం పూడిక తీయమంటున్నాం, వాళ్లు తీస్తున్నారు. కాలువ వెడల్పు చేయమని ఎవరినైనా అడిగామా?"

అడగలేదు. అసలు ఎవరిని అడగాలో కూడా మాకు తెలియదు. అప్పుడు పది రూపాయల ఫీజు కట్టి సమాచార హక్కు (ఆర్టీఐ) కింద దరఖాస్తు పెట్టాం. ఈ ఏడాది ఏయే కాలువలు కట్టబోతున్నారు, ఆ జాబితా ఎప్పుడు తయారైంది, ఎవరి ప్రతిపాదన మీద తయారైంది అని అడిగాం. బడ్జెట్‌కి ముందే వార్డుల నుంచి ప్రతిపాదనలు తీసుకున్నారని, మా వీధి పేరు ఎవరూ ఇవ్వలేదని కాగితాల్లో తేలింది. కాదన్నవాళ్లు ఎవరూ లేరు, అడిగినవాళ్లూ లేరు. మరుసటి ఏడాది ఆ ప్రతిపాదనలు తీసుకునే రోజుల్లో ఇంటింటి సంతకాలు, నీళ్లు నిలిచిన ఫొటోలు పట్టుకుని వెళ్లాం. ఆ ఏటి జాబితాలో మా కాలువ చేరింది.

ఓటు వేసిన రోజు నుంచి మళ్లీ ఓటు వేసే రోజు దాకా ఐదేళ్లు. ప్రభుత్వం తీసుకునే నిర్ణయాల్లో దాదాపు అన్నీ ఆ మధ్యలోనే జరుగుతాయి. వాటిలో మన మాట పడటానికి చట్టం చాలా దారులు పెట్టింది. అయితే ఒక్కో దారి ఒక్కో పనికి. తప్పు దారిలో వెళ్లి అలసిపోయి "ఎవరికి చెప్పినా ఇంతే" అనుకుంటున్నవాళ్లను చాలామందిని చూశాను. నాకు బాధ కలిగించేది అదే. అందుకే నాకు తెలిసిన దారుల్ని పక్కపక్కన పెట్టి, ఏది ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ రాదో చెప్పే ప్రయత్నం చేస్తున్నాను.

ముందు తేల్చుకోవాల్సిన రెండు సంగతులు

మొదటిది, మీరు అడుగుతున్నది మీ పనా, అందరికీ వర్తించే నియమమా? మీ అమ్మగారి పింఛను ఆగిపోతే అది ఒక పని. వేలిముద్ర పడని ముసలివాళ్లందరికీ పింఛను ఆగిపోతుంటే అది నియమంలో ఉన్న లోపం. రెండూ బాధలే. కానీ మొదటిదానికి ఒక గుమాస్తా చాలు, రెండోదానికి జీవో మార్చగలిగినవాళ్ల దాకా వెళ్లాలి.

రెండోది, నిర్ణయం ఇప్పుడు ఏ దశలో ఉంది? మొక్కై వంగనిది మానై వంగునా అంటారు కదా, ప్రభుత్వ విధానాలకు ఈ సామెత సరిగ్గా సరిపోతుంది. ముసాయిదాగా ఉన్నప్పుడు ఒక పేజీ అభ్యంతరంతో మారే విషయం, జీవో వచ్చి, టెండర్లు పిలిచి, భూమి సేకరించాక మారాలంటే కోర్టులు, ధర్నాలు, ఏళ్లు కావాలి. ఇంకా ముసాయిదానా, అమలవుతోందా, ముగిసిపోయిందా అన్నది తేలితే, ఏ దారి పట్టాలన్న ప్రశ్నకు సగం జవాబు దొరికినట్టే.

అర్జీ

ఆంధ్రప్రదేశ్‌లో ఒకప్పుడు స్పందన అన్నారు, 2024 నుంచి ప్రజా సమస్యల పరిష్కార వేదిక అంటున్నారు. తెలంగాణ కలెక్టరేట్లలో సోమవారం ప్రజావాణి ఉంది. హైదరాబాద్ ప్రజాభవన్‌లో మంగళ, శుక్రవారాల్లో అర్జీలు తీసుకుంటున్నారు. రైల్వే, పోస్టాఫీసు, పీఎఫ్ లాంటి కేంద్ర శాఖలైతే సీపీగ్రామ్స్ పోర్టల్ ఉంది. 2024 మార్గదర్శకాల ప్రకారం అందులో ఫిర్యాదు తేల్చడానికి గడువు 21 రోజులు.

సొంత పనికి ఇంతకన్నా సులువైన దారి లేదు. ఖర్చు లేదు, చదువు రానివాళ్లు కూడా వెళ్లొచ్చు, రసీదు ఇస్తారు. రేషన్ కార్డులో పేరు, పట్టాదారు పాసుపుస్తకంలో తప్పు, వీధి దీపం లాంటివాటికి నేనైతే ముందు ఇక్కడికే వెళ్తాను.

కానీ అర్జీ ఒక్కో మనిషిదిగా లోపలికి వెళ్తుంది, ఒక్కో మనిషిదిగానే మూసేస్తారు. ఒకే తప్పు వల్ల 200 మంది అర్జీలు పెడితే 200 జవాబులు వస్తాయి, తప్పు అలాగే ఉంటుంది. దీనికి ఒక ఉపాయం ఉంది. ఒకే బాధ ఉన్నవాళ్లు విడివిడిగా అర్జీలు పెట్టి, ఆ రసీదు నంబర్లన్నీ ఒక కాగితం మీద రాసి, శాఖాధిపతికి ఇంకో ఉత్తరంగా ఇవ్వాలి. అప్పుడు అది ఒక మనిషి గోడుగా కాకుండా, పద్ధతిలో ఉన్న తప్పుకు రుజువుగా కనిపిస్తుంది. ఆ రసీదుల్ని పారేయకండి, మిగతా దారులన్నిటికీ అవి పనికొస్తాయి.

సమాచార హక్కు

2005 అక్టోబరు 12న అమల్లోకి వచ్చిన ఈ చట్టం పైనుంచి ఎవరో దయతో ఇచ్చింది కాదు. కరువు పనుల కూలీ లెక్కలు చూపించమని రాజస్థాన్ పల్లెల్లో కూలీలు 1990ల్లో అడిగిన ప్రశ్నల నుంచి పుట్టింది. మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనే అక్కడి కూలీలు, రైతుల సంఘం ఊళ్లలో జనసున్‌వాయీలు, అంటే బహిరంగ విచారణలు పెట్టి, బిల్లులు, మస్టర్లు (కూలీల హాజరు పట్టీలు) అందరి ముందూ గట్టిగా చదివించేది. పని చేయనివాళ్ల పేర్లు, కట్టని గోడల లెక్కలు అలా బయటపడ్డాయి. 1996లో బ్యావర్‌లో 40 రోజుల ధర్నా చేశారు. ఎన్నికల మధ్య మామూలు మనుషులు అడిగిన ప్రశ్నే దేశం మొత్తానికి చట్టమైందని చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి ఉదాహరణ తెలియదు.

మన రెండు రాష్ట్రాల్లో గ్రామ స్థాయి కార్యాలయాలకు దరఖాస్తు ఫీజు లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. తెల్ల కార్డు ఉన్నవాళ్లకు ఎక్కడా ఫీజు లేదు. జవాబుకు 30 రోజులు, ప్రాణానికో స్వేచ్ఛకో సంబంధించినదైతే 48 గంటలు. రాకపోయినా, వచ్చింది సరిగా లేకపోయినా 30 రోజుల్లోగా అదే శాఖలో పై అధికారికి మొదటి అప్పీలు, ఆ తర్వాత 90 రోజుల్లోగా సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు.

దరఖాస్తు రాసేటప్పుడు చాలామంది ఒక చోట పొరపాటు పడతారు. "మా ఊరి రోడ్డు ఎందుకు వేయలేదు?" అని అడుగుతారు. ఎందుకు అనే ప్రశ్నకు జవాబు ఫైల్లో ఉండదు కాబట్టి, సమాచారం లేదని రాసి పంపేస్తారు. "ఫలానా రోడ్డుకు మంజూరైన అంచనా కాపీ, మెజర్‌మెంట్ బుక్ (పని కొలతల పుస్తకం) కాపీ, కాంట్రాక్టరుకు ఇచ్చిన వర్క్ ఆర్డర్ కాపీ ఇవ్వండి" అని అడిగితే తప్పించుకోవడం కష్టం. కాగితాలే కాదు, పని జరుగుతున్న చోటికి వెళ్లి చూసే హక్కు, వాడిన సామాన్ల నమూనా తీసుకునే హక్కు కూడా చట్టంలోని 2(జె) ఇస్తోంది. సిమెంటు రోడ్డు విషయంలో అది చాలా పెద్ద హక్కు.

4(1)(సి) సెక్షన్ గురించి ఇంకా తక్కువ మందికి తెలుసు. ప్రజలపై ప్రభావం చూపే ముఖ్యమైన విధానాలు తయారుచేసేటప్పుడు, నిర్ణయాలు ప్రకటించేటప్పుడు దానికి సంబంధించిన వాస్తవాలన్నీ ప్రభుత్వమే ప్రచురించాలని అది చెబుతోంది. అంటే అడగకముందే చెప్పాల్సిన బాధ్యత ఉంది. మీ దరఖాస్తులో ఈ సెక్షన్ పేరు రాయండి.

లోటు ఎక్కడంటే, ఇది తెలుసుకునే దారి మాత్రమే, మార్చే దారి కాదు. పైగా అప్పీలు దాకా వెళ్తే ఓపిక కావాలి. తెలంగాణలో 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే దాకా సమాచార కమిషన్‌లో కమిషనర్లే లేరు, రెండో అప్పీలు వేసినవాళ్లు అన్నాళ్లూ ఎదురుచూశారు. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా చట్టం సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) సెక్షన్‌ను మార్చింది. వ్యక్తుల వివరాలు ఉన్నాయన్న పేరుతో జవాబు నిరాకరించడం దానివల్ల సులువైంది. అందుకే పేర్లు అడగకుండా లెక్కలు, ఉత్తర్వులు, అంచనాలు అడగడం మేలు.

గ్రామసభ

పల్లెలో ఉండేవాళ్లకు నేను ముందు చెప్పేది గ్రామసభే. మిగతా చోట్ల మనం అడిగేవాళ్లం, ఇక్కడ మాత్రం మనమే సభ్యులం. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చాక, ఊళ్లో ఓటరు జాబితాలో పేరున్న ప్రతి మనిషీ గ్రామసభ సభ్యుడే. తెలంగాణలో 2018 పంచాయతీరాజ్ చట్టం రెండు నెలలకోసారైనా సభ పెట్టాలంటోంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 ఆగస్టు 23న ఒకే రోజు 13,326 పంచాయతీల్లో గ్రామసభలు పెట్టి, ఉపాధి హామీ కింద చేయాల్సిన పనులపై తీర్మానాలు చేశారు. 2025 జనవరిలో తెలంగాణ ప్రభుత్వం ఇందిరమ్మ ఇళ్లు, రేషన్ కార్డుల జాబితాల్ని గ్రామసభల్లో చదివించినప్పుడు చాలా ఊళ్లలో జనం లేచి "మా పేరేది?" అని నిలదీశారు. గొడవలైన మాట నిజమే. కానీ ఆ జాబితా నాలుగు గోడల మధ్య తయారై నేరుగా అమలయ్యే పద్ధతి కన్నా ఆ గొడవే నయమని నా అభిప్రాయం.

గ్రామసభకు ఎంత బలం ఉందో చూడాలంటే ఒడిశాలోని నియమగిరి కొండల దాకా వెళ్లాలి. బాక్సైట్ తవ్వకం మీద 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, అక్కడి గ్రామసభలే తేల్చాలని చెప్పింది. రాయగడ, కలహండి జిల్లాల్లో 12 పల్లెల్లో సభలు పెట్టారు. 12 పల్లెలూ వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ఆ ప్రాజెక్టుకు అనుమతి నిరాకరించింది. అక్కడి ఆదివాసులైన డోంగ్రియా కోందులు తమ దేవుడు నియమ్‌రాజా కొండను సభలో చెప్పిన మాటలతో కాపాడుకున్నారు. మన అల్లూరి, ఆదిలాబాద్, భద్రాద్రి జిల్లాల్లోని షెడ్యూల్డ్ ప్రాంతాల్లోనూ 1996 పెసా చట్టం (షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీ చట్టం), దాని 2011 నియమాలు అమల్లో ఉన్నాయి. అక్కడ గ్రామసభ మాట మామూలు ఊళ్ల కన్నా చాలా బరువైనది.

మరి చాలా ఊళ్లలో గ్రామసభ ఎందుకు తేలిపోతోంది? సంతకాలు తర్వాత తీసుకుంటారు, తీర్మానం ముందే రాసుకొస్తారు. దీనికి విరుగుడు ఒక్కటే, తీర్మానం అక్కడికక్కడే మినిట్స్ పుస్తకంలో రాయించి, గట్టిగా చదివించి, ఆ పేజీని ఫోన్‌తో ఫొటో తీసుకోవడం. ఆ ఫొటో లేకపోతే సభలో ఎంత గొంతు చించుకున్నా కాగితం మీద ఏమీ మిగలదు. ఇంకో మాట. పొలం పనుల రోజుల్లో పగలు పెట్టే సభకు ఆడవాళ్లు, కూలీలు రాలేరు. సభ వేళ మార్చమని అడగడం కూడా ఒక విధాన మార్పే.

పట్టణాల్లో ఉండేవాళ్లకు ఇంత బలమైన సభ లేదు. తెలంగాణ 2019 మున్సిపాలిటీల చట్టం వార్డుకు నాలుగు కమిటీలు పెట్టమంది. మీ వార్డులో అవి ఉన్నాయా, ఎప్పుడైనా కూర్చున్నాయా అన్నది సమాచార హక్కుతో అడిగి తెలుసుకోదగ్గ విషయం.

సామాజిక తనిఖీ

ఇది అమల్లో ఉన్న పథకాల కోసం. 2005 ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ గ్రామసభతో పనుల తనిఖీ చేయించాలని పెట్టింది. దాన్ని పద్ధతి ప్రకారం మొదట చేసి చూపించింది ఉమ్మడి ఆంధ్రప్రదేశే. 2006లో మొదలుపెట్టి, 2009లో దానికోసమే విడిగా ఒక సొసైటీ పెట్టింది. ఊళ్లోని చదువుకున్న కూలీల పిల్లలకే శిక్షణ ఇచ్చి, మస్టరులో ఉన్న పేరు పట్టుకుని ఇంటికి వెళ్లి "నువ్వు ఈ వారం పని చేశావా, ఎంత ముట్టింది?" అని అడిగించారు. తేలినవన్నీ మండలంలో ప్రజావేదిక పెట్టి అధికారుల ముందు చదివారు. చనిపోయినవాళ్ల పేరు మీద కూలీ, కొలతల్లో తేడా, లేని చెరువు పని ఇలా బయటపడేవి. మేఘాలయ 2017లో ఈ తనిఖీని చాలా పథకాలకు వర్తించేలా విడిగా చట్టమే చేసింది.

సమాచార హక్కుతో పోల్చితే ఇందులో ఒక మేలు ఉంది. కాగితం మీ ఇంటికి వచ్చి ఊరుకోదు, ఊరందరి ముందూ పనితో సరిపోల్చుతారు. లోటేమిటంటే తిన్నదని తేలిన సొమ్ములో తిరిగి వసూలయ్యేది కొంతే. ప్రజావేదిక రోజు మనుషులు తక్కువగా వస్తే సాక్షులు మాట మార్చుకునే ప్రమాదమూ ఉంది. కాబట్టి మీ మండలంలో ప్రజావేదిక ఉందని తెలిస్తే, మీ పని లేకపోయినా వెళ్లి కూర్చోండి. మాట్లాడే కూలీకి వెనక నలుగురు ఉన్నారన్న ధైర్యం కావాలి.

బహిరంగ విచారణ: కరెంటు చార్జీలు

అందరూ వదిలేస్తున్నా నాకు బాగా నమ్మకం ఉన్న దారి ఇది. మన ఇంటి కరెంటు బిల్లులో యూనిట్ ధర ఎంతో శాసనసభ నిర్ణయించదు, విద్యుత్ నియంత్రణ మండలి నిర్ణయిస్తుంది. 2003 విద్యుత్ చట్టం 64వ సెక్షన్ ప్రకారం డిస్కంలు (కరెంటు పంపిణీ సంస్థలు) తమ ప్రతిపాదనను ప్రచురించాలి, జనం ఇచ్చిన సలహాలు, అభ్యంతరాలు చూశాకే మండలి ఉత్తర్వు ఇవ్వాలి. రాసి ఇవ్వడానికి వకీలు అక్కర్లేదు. ఒక కాపీ మండలికి, ఒకటి డిస్కంకు పంపితే చాలు. డిస్కం మీకు రాతపూర్వకంగా జవాబివ్వాలి. విచారణ రోజు మాట్లాడొచ్చు. చివరికి వచ్చే ఉత్తర్వులో అభ్యంతరం, డిస్కం జవాబు, మండలి అభిప్రాయం మూడూ అచ్చవుతాయి. మన మాటకు జవాబు చెప్పి తీరాల్సిన ఇలాంటి చోటు ప్రభుత్వంలో ఇంకెక్కడ ఉందా అని వెతికితే చాలా కొద్దిగా కనిపిస్తాయి.

దీని విలువ మనకు తెలియాలి, ఎందుకంటే కరెంటు చార్జీల కోసం ఈ గడ్డ మీద ప్రాణాలు పోయాయి. 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పెంపునకు వ్యతిరేకంగా వచ్చిన జనం మీద కాల్పులు జరిగాయి.

2021లో ఆంధ్రప్రదేశ్‌లో ఏం జరిగిందో చూడండి. పాత ఏళ్ల ఖర్చు తేడా కింద 3,669 కోట్ల రూపాయల ట్రూఅప్ వసూలుకు మండలి ఒప్పుకుంది, సెప్టెంబరు బిల్లుల్లో భారం పడింది. జనానికి సరిగా ప్రకటన ఇవ్వకుండా ఆదేశం ఇచ్చారన్న అభ్యంతరం హైకోర్టు దాకా వెళ్లింది. మండలి ఆ ఆదేశాన్ని పక్కనపెట్టి మళ్లీ విచారణ పెట్టింది. వసూలు చేసింది బిల్లుల్లో సర్దమంది. 2022లో చివరికి అనుమతించిన మొత్తం సుమారు 2,910 కోట్లు. భారం మొత్తం పోలేదు, కానీ జనం మాట వినకుండా వేయడం కుదరదని తేలింది. 2024లో తెలంగాణ డిస్కంలు, నెలకు 300 యూనిట్లు దాటి వాడే ఇళ్లకు ఫిక్స్‌డ్ చార్జిని కిలోవాట్‌కు 10 రూపాయల నుంచి 50కి పెంచాలని అడిగాయి. విచారణల తర్వాత మండలి ఒప్పుకోలేదు.

కష్టం ఎక్కడంటే, డిస్కంల నివేదికలు వందల పేజీలు. చదివితే తల తిరుగుతుంది. అన్నీ చదవనక్కర్లేదు. మీకు తెలిసినదాని మీద ఒక్క పేజీ రాయండి. కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ ఎన్ని రోజులకు మార్చారు, మోయడానికి ట్రాక్టరు కిరాయి ఎవరు కట్టారు, లో ఓల్టేజీకి ఎన్ని మోటార్లు కాలాయి? ఇవన్నీ రైతుకు తెలిసినంతగా ఏ నిపుణుడికీ తెలియవు. తేదీ, ఊరు, సర్వీసు నంబరు రాస్తే అది బలమైన సాక్ష్యం.

ప్రజాభిప్రాయ సేకరణ: పరిశ్రమలు, గనులు

2006 పర్యావరణ ప్రభావ ప్రకటన కింద జరిగే విచారణ చట్టంలో కొంత కరెంటు చార్జీల విచారణలాగే కనిపిస్తుంది, ఊళ్లో మాత్రం వేరుగా ఉంటుంది. కాలుష్య నియంత్రణ మండలి 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, కలెక్టర్ లేదా ఆయన పంపిన అధికారి అధ్యక్షత వహించాలి, అంతా వీడియో తీయాలి. కానీ టెంటు కింద పోలీసులు, కంపెనీ తెచ్చిన మనుషులు, అరుపులు. ఆ టెన్షన్‌లో ఎవరి మాటా వినపడదు. విచారణను బహిష్కరించాలా, వెళ్లాలా అని ప్రతి ఊళ్లో వాదన వస్తుంది. నా సలహా, వెళ్లండి, రాసి ఇవ్వండి, రసీదు తీసుకోండి. ఎందుకంటే తర్వాత అప్పీలులో పనికొచ్చేది ఆ కాగితమే. శ్రీకాకుళం జిల్లా సోంపేటలో బీల నేలల్లో (నీరు నిలిచే తడి నేలల్లో) థర్మల్ కేంద్రం వద్దని పోరాడినప్పుడు, 2010 జూలైలో కాల్పుల్లో మనుషులు చనిపోయారు. అదే సమయంలో పర్యావరణ అప్పీలు అథారిటీ ఆ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసింది. వీధిలో పోరాటంతో పాటు కాగితం మీద కూడా పోరాటం నడుస్తుండబట్టే అది సాధ్యమైంది. ఇప్పుడైతే అనుమతి వచ్చిన 30 రోజుల్లో జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లాలి, మన రెండు రాష్ట్రాలకూ చెన్నై బెంచి.

ముసాయిదాలపై అభ్యంతరం

కామారెడ్డి రైతుల కథ ఇక్కడ చెప్పాలి. 2022 చివర్లో వచ్చిన ముసాయిదా మాస్టర్ ప్లాన్‌లో చుట్టుపక్కల గ్రామాల పంట భూములు పారిశ్రామిక జోన్‌లోకి వెళ్లాయి. అభ్యంతరాలకు గడువు ఉందన్న సంగతి చాలామందికి ఆలస్యంగా తెలిసింది. దిగులుతో ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు కూడా. గడువులోపలే అభ్యంతరాలు కుప్పలుగా వెళ్లాయి, ఆందోళన జిల్లా కేంద్రాన్ని కదిలించింది. 2023 జనవరి 20న మున్సిపల్ కౌన్సిల్ ఆ ముసాయిదాను రద్దు చేస్తూ తీర్మానించింది. ఇంకా ముసాయిదాగా ఉండబట్టే ఒక్క తీర్మానంతో పోయింది.

దేశం మొత్తానికి సంబంధించిన చట్టాలకూ ఈ దారి ఉంది. కేంద్రం 2014లో ముసాయిదా చట్టాల్ని కనీసం 30 రోజులు జనం ముందు పెట్టాలని నిర్ణయించుకుంది. దాన్ని పాటించి తీరాలన్న కట్టుబాటు మాత్రం లేదు. ఢిల్లీ సామూహిక అత్యాచారం తర్వాత 2012 డిసెంబరు 23న వేసిన జస్టిస్ వర్మ కమిటీకి సుమారు 80,000 సూచనలు వచ్చాయి. కమిటీ నెల రోజుల్లోనే నివేదిక ఇచ్చింది. వెంటపడటం, యాసిడ్ దాడి లాంటివి ప్రత్యేక నేరాలుగా 2013లో చట్టంలోకి వచ్చాయి. వైవాహిక అత్యాచారం మీద కమిటీ చెప్పింది మాత్రం ప్రభుత్వం తీసుకోలేదు. జన్యువులు మార్చిన బీటీ వంకాయకు 2009 అక్టోబరులో నిపుణుల కమిటీ అనుమతి ఇచ్చింది. ఆ తర్వాత అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ హైదరాబాద్‌తో కలిపి ఏడు నగరాల్లో రైతులు, శాస్త్రవేత్తలు, వినియోగదారుల మాట విని, 2010 ఫిబ్రవరి 9న ఆపేశారు. ఆ నిర్ణయం సరైనదా కాదా అన్న వాదన ఇప్పటికీ ఉంది. అంత పెద్ద విషయాన్ని జనం మధ్య మాట్లాడాకే తేల్చారన్నది మాత్రం నాకు నచ్చింది.

ఈ దారిలో భాష పెద్ద అడ్డంకి. పర్యావరణ అనుమతుల నియమాల 2020 ముసాయిదా ఇంగ్లిష్, హిందీల్లో వస్తే, దాన్ని రాజ్యాంగం గుర్తించిన 22 భాషల్లోకి మార్చాలని ఢిల్లీ హైకోర్టు చెప్పాల్సివచ్చింది. గనుల పక్కన బతికే తెలుగు రైతు తన భాషలో లేని ముసాయిదా మీద ఏం రాస్తాడు? మీకు ఇంగ్లిష్ చదవడం వస్తే మీ ఊరికి చేయగల పెద్ద సాయం ఇదే, ముసాయిదాలో మీ వాళ్లకు తగిలే నాలుగు పేరాలు తెలుగులో రాసి వాట్సాప్‌లో పెట్టడం.

కోర్టు, వీధి

ప్రజాప్రయోజన వ్యాజ్యం ఆఖరి దారిగా పెట్టుకోవడం మంచిది. మధ్యాహ్న భోజనం బడిపిల్లలకు వండి పెట్టాలని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశం లాంటివి దేశాన్నే మార్చాయి. కానీ అక్కడ మీ గొంతు వకీలు గొంతవుతుంది, వాయిదాలు మీ చేతిలో ఉండవు. పైగా "ముందు అధికారుల్ని అడిగారా?" అని కోర్టే అడుగుతుంది. అప్పుడు అర్జీ రసీదులు, సమాచార హక్కు జవాబులు అక్కరకొస్తాయి.

వీధి పోరాటానికి సారా మీద తిరగబడ్డ దూబగుంట ఊరిని మించిన పాఠం లేదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యత తరగతుల్లో సారా వల్ల కూలిన సంసారాల గురించి చదువుకున్న ఆడవాళ్లు, రోశమ్మ లాంటివారి ముందడుగుతో దుకాణాలు మూయించారు. తర్వాత సారా వేలంపాటల్నే అడ్డుకున్నారు. పాటలు పదే పదే వాయిదా పడ్డాయి. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధమైంది. వాళ్లు ఎంచుకున్న చోటు చూడండి. ఊరికే సారా వద్దని కేకలు వేసి ఊరుకోకుండా, ప్రభుత్వానికి ఆ డబ్బు వచ్చే క్షణం ఏదో కనిపెట్టి అక్కడ నిలబడ్డారు. 1995 జనవరి 16న వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం మాత్రం 1997కే సడలిపోయింది. ఖజానా నిండాలంటే మద్యం కావాలన్న లెక్క మారనంతకాలం, నిషేధాన్ని నిలబెట్టాలంటే బడ్జెట్ మీద కూడా జనం కన్నేసి ఉండాల్సింది.

మీ పరిస్థితికి ఏది?

ఒక్క కుటుంబం పని ఆగితే అర్జీతో మొదలుపెట్టండి, నెల దాటితే ఆ అర్జీ ఫైలు కాపీని సమాచార హక్కు కింద అడగండి. చాలాసార్లు ఆ దరఖాస్తు చేరాకే ఫైలు కదులుతుంది. పథకంలో డబ్బు తింటున్నారన్న అనుమానమైతే సామాజిక తనిఖీ, దాని తేదీ దూరంగా ఉంటే సమాచార హక్కు. ఊరి పనుల ఎంపికైతే గ్రామసభ, పట్టణమైతే బడ్జెట్‌కి ముందు వార్డు ప్రతిపాదన. ధర, పన్ను, భూమి, కాలుష్యం లాంటివి ఇంకా ప్రతిపాదనగా ఉంటే మిగతావన్నీ ఆపి ముందు రాతపూర్వక అభ్యంతరం పంపండి, ఎందుకంటే గడువు పోతే తిరిగి రాదు. రెండు దారులు కలిపి నడవడం తప్పు కాదు, సమాచార హక్కుతో వచ్చిన కాగితం చేతిలో ఉంటే గ్రామసభలో మాటకు పదును వస్తుంది.

సమయం తక్కువున్నవాళ్లకు, ఏడాదికి ఒక్కటే చేయగలిగేవాళ్లకు నేను కరెంటు చార్జీల విచారణే చెబుతాను. డిస్కంల ప్రతిపాదనలు మామూలుగా నవంబరు చివర్లో మండలికి వెళ్తాయి, ఆ తర్వాత దినపత్రికల్లో చిన్న అక్షరాలతో బహిరంగ ప్రకటన వస్తుంది. అందులో అభ్యంతరాలు పంపాల్సిన ఆఖరి తేదీ, చిరునామా ఉంటాయి. ఈసారి ఆ ప్రకటన కత్తిరించి, మీ గత ఏడాది బిల్లులు పక్కన పెట్టుకుని, ఒక పేజీ రాయండి. కింద సర్వీసు నంబరు, సంతకం మర్చిపోవద్దు.